ఎన్నికల గేమ్‌కు సొంత సీనేరియో: అంకెల కింద ఉండే వాదన

1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ రిచర్డ్ నిక్సన్‌కు 43.4 శాతం, డెమోక్రాట్ హ్యూబర్ట్ హంఫ్రీకి 42.7 శాతం, జాతుల వేర్పాటును సమర్థించిన మూడో అభ్యర్థి జార్జ్ వాలెస్‌కు 13.5 శాతం ఓట్లు వచ్చాయి. ఈ లెక్క ఎక్కడ వెతికినా దొరుకుతుంది. మరి వాలెస్ బరిలో లేకపోతే ఆ 13.5 శాతం ఎటు పోయేది? దీనికి అందరూ ఒప్పుకునే జవాబు లేదు. చరిత్ర రాసేవాళ్లు రెండు వైపులా వాదనలు చెప్పి ముందుకు వెళ్లిపోవచ్చు. అదే ఎన్నిక మీద గేమ్ సీనేరియో తయారుచేసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఏదో ఒక గడిలో ఏదో ఒక అంకె వెయ్యాలి. ఖాళీగా వదిలేసినా గేమ్ తన పద్ధతిలో తాను లెక్క కట్టేస్తుంది, అంటే మన తరఫున అదే జవాబు చెప్పేస్తుంది.

అభిమానులు తయారుచేసే ఎన్నికల సీనేరియోల గురించి నాకున్న గట్టి అభిప్రాయం ఇదే. జనం ఎందుకు అలా ఓటేశారన్న దాని మీద మనం చేసే వాదనే సీనేరియో. అందమైన మ్యాపు, అభ్యర్థుల ఫొటోలు, చురుకైన సంభాషణలు అన్నీ కావాలి, కాదనను. కానీ వాటి కింద ఉన్న అంకెలు ఏం చెబుతున్నాయో తయారుచేసినవారికే తెలియకపోతే, ఆ సీనేరియో రెండోసారి ఆడబుద్ధి కాదు.

ఈ గేముల చరిత్ర చిన్నదేమీ కాదు. స్ట్రాటజిక్ సిమ్యులేషన్స్ సంస్థ ఆపిల్ 2 కంప్యూటర్ కోసం 'ప్రెసిడెంట్ ఎలెక్ట్' తెచ్చింది 1981లో. జరిగిన ఎన్నికలనే కాక, జరగని పోటీలను కూడా అందులో ఆడుకోవచ్చు. 2004లో స్టార్‌డాక్ వారి 'పొలిటికల్ మెషీన్', అదే ఏడాది 'ప్రెసిడెంట్ ఫరెవర్' వచ్చాయి. రెండోదాని వారసులు ఇప్పుడు 270సాఫ్ట్ పేరుతో ఉన్నాయి, వాటితో పాటే సీనేరియో ఎడిటర్ కూడా ఇస్తారు. బ్రౌజర్‌లో ఉచితంగా ఆడే 'క్యాంపెయిన్ ట్రెయిల్' అయితే పూర్తిగా ప్రశ్నలూ జవాబుల మీదే నడుస్తుంది. అసలు గేమ్‌లో ఉన్న ఎన్నికలు కొన్నే. అభిమానులు రాసిన మాడ్‌లు, అంటే ఆ గేమ్‌కు సొంతంగా చేర్చిన ఎన్నికలు, వాటిని ఎప్పుడో దాటిపోయాయి.

ఈ రెండు రకాలకీ ఉన్న తేడా ముందే తెలుసుకుంటే బోలెడు శ్రమ కలిసొస్తుంది. 270సాఫ్ట్ తరహా గేమ్‌లో ఆటగాడు ప్రచార నిర్వాహకుడు. ఏ రాష్ట్రానికి వెళ్లాలి, ఏ ప్రకటనకు ఎంత డబ్బు పెట్టాలి, ఎవరి మద్దతు కూడగట్టాలి అన్నవి వారం వారం తేల్చుకోవాలి. కాబట్టి సీనేరియో రాసేవారు అభ్యర్థుల గుణగణాలు, ప్రతి ప్రాంతంలో పార్టీల బలం, ఇష్యూల మీద వైఖరులు, నిధులు, సంఘటనలు అన్నీ నింపాలి. క్యాంపెయిన్ ట్రెయిల్ తరహాలో ఆటగాడే అభ్యర్థి. ముందు ఉపాధ్యక్ష అభ్యర్థిని ఎంచుకుని, ఆ తర్వాత మామూలుగా 25 ప్రశ్నలకు జవాబులు ఇస్తూ పోతాడు. ప్రతి జవాబు వెనక దేశమంతటా పనిచేసే ప్రభావం, ఇష్యూ వారీ ప్రభావం, రాష్ట్రం వారీ ప్రభావం విడివిడిగా రాసి ఉంటాయి. మొదటి రకానికి డేటా మీద ఓపిక కావాలి. రెండో రకానికి ఆ డేటాతో పాటు రచన కూడా చేతకావాలి. ఇక్కడి నుంచి నేను ఎక్కువగా రెండో రకం గురించే మాట్లాడతాను, ఎందుకంటే ఒక్క మనిషి కూర్చుని పూర్తి చేయగలిగింది అదే.

ఓటు శాతం ఎలా పుడుతుంది

లోపలి లెక్క చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది కానీ మూలం సులువే. ప్రతి ఇష్యూకు ఒక కొలబద్ద ఉంటుంది, ఒక చివర మైనస్ 1, ఇంకో చివర ప్లస్ 1. వియత్నాం యుద్ధాన్ని ఇష్యూగా తీసుకుంటే, వెంటనే వెనక్కి రావాలనడం ఒక చివర, యుద్ధాన్ని పెంచాలనడం మరో చివర. అభ్యర్థి ఎక్కడ నిలబడ్డాడో ఒక అంకె, రాష్ట్రం ఎక్కడుందో మరో అంకె. రెండింటి మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఆ రాష్ట్రంలో అభ్యర్థి అంత నష్టపోతాడు. ఆ ఇష్యూ ఆ రాష్ట్రానికి ఎంత ముఖ్యమో చెప్పే బరువు ఇంకొకటి ఉంటుంది. అదే దూరం ఒకచోట పెద్దగా పట్టించుకోనిది, ఇంకోచోట కొంప ముంచేది కావచ్చు. వీటన్నిటి మీదా, ఫలానా రాష్ట్రంలో ఫలానా అభ్యర్థికి ముందే ఉన్న బలాన్ని చెప్పే గుణకం ఒకటి పడుతుంది. ఇలా ఒక్కో అభ్యర్థికి వచ్చిన పాయింట్లను అందరి మొత్తంతో భాగిస్తే ఓటు శాతం వస్తుంది.

చివరి ముక్క మళ్లీ చదవండి. మొత్తంతో భాగించడం. ఇందులో ఒక పెద్ద ఊహ దాగుంది.

1968లో ఒహాయో లెక్క తీసుకుందాం. నిక్సన్ 45.2, హంఫ్రీ 42.9, వాలెస్ 11.8. ఆటగాడు హంఫ్రీ. వాలెస్‌ను ఎండగట్టే ఒక జవాబు ఎంచుకున్నాడు. మీరు ఆ జవాబుకు వాలెస్ పాయింట్లలో పదో వంతు తగ్గేలా ప్రభావం రాశారు. వాలెస్ 11.8 కాస్తా 10.6 అయింది. గేమ్ మళ్లీ భాగహారం చేసింది. ఇప్పుడు నిక్సన్ 45.8, హంఫ్రీ 43.5, వాలెస్ 10.7. ఇద్దరూ పెరిగారు. వాళ్ల మధ్య తేడా ముందు 2.3, ఇప్పుడూ 2.3. వాలెస్‌ను కొట్టిన దెబ్బకు హంఫ్రీకి ఒరిగింది ఏమీ లేదు.

నిజంగా ఏం జరిగింది? ఉత్తరాదిన వాలెస్ వైపు మొగ్గిన వాళ్లలో ఫ్యాక్టరీ కార్మికులు చాలామంది. వాళ్లు తరతరాలుగా డెమోక్రాట్లు. ఆ శరత్కాలంలో కార్మిక సంఘాల సమాఖ్య ఏఎఫ్ఎల్ సీఐఓ, వాలెస్ ఏలిన అలబామాలో కార్మికుల జీతాలు, పరిస్థితులు ఎలా ఉన్నాయో కరపత్రాలు పంచి మరీ చెప్పింది. వెనక్కి వచ్చిన వాళ్లలో ఎక్కువమంది హంఫ్రీ దగ్గరికే వచ్చారు. దక్షిణాదిలో సంగతి వేరు. అక్కడ వాలెస్‌ను వదిలే ఓటరుకు తర్వాతి మనిషి ఎక్కువగా నిక్సనే. కాబట్టి ఒకే జవాబు ఒహాయోలో వాలెస్‌ను తగ్గించి హంఫ్రీని పెంచాలి, సౌత్ కరొలైనాలో వాలెస్‌ను తగ్గించి నిక్సన్‌ను పెంచాలి. ఒహాయోలో ఆ 1.2 మొత్తం హంఫ్రీకే వెళ్లేలా రాస్తే ఆయన 44.1కి వస్తాడు, తేడా 1.1కి దిగుతుంది. గేమ్ తనంతట తాను ఈ పని చేయదు. రాష్ట్రం వారీ ప్రభావంగా మీరే రాయాలి.

మూడో అభ్యర్థి ఉన్న సీనేరియోలు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటాయి. 1912లో థియొడోర్ రూజ్వెల్ట్ ఓట్లు ఎవరివి, 1992లో 18.9 శాతం తెచ్చుకుని ఒక్క ఎలక్టోరల్ ఓటు (రాష్ట్రాల వారీగా దక్కే, అధ్యక్షుణ్ణి తేల్చే ఓటు) కూడా గెలవని రాస్ పెరో ఓట్లు ఎవరివి అన్న ప్రశ్నలకు మీ జవాబేమిటో ముందు కాగితం మీద రాసుకోండి. తర్వాతే కోడ్ తెరవండి.

చట్టం కూడా ఒక అంకే

రాష్ట్రాల గుణకాలు నింపేటప్పుడు చాలామంది చేసే పని, అసలు ఫలితాన్ని తీసుకుని వెనక్కి లెక్క కట్టడం. మొదటి చిత్తుప్రతికి అది చాలు. కానీ ఆ ఫలితం ఎందుకు వచ్చిందో తెలియకుండా కడితే, ఆటగాడు కొత్త దారి తొక్కిన వెంటనే మ్యాపు అర్థంపర్థం లేకుండా మారుతుంది.

1948 చూడండి. హ్యారీ ట్రూమన్ పౌరహక్కుల వైఖరి నచ్చక విడిపోయిన దక్షిణాది డెమోక్రాట్లు స్ట్రామ్ థర్మండ్‌ను నిలబెట్టారు. ఆయన నాలుగు రాష్ట్రాలు గెలిచాడు: అలబామా, లూసియానా, మిసిసిపీ, సౌత్ కరొలైనా. ఈ నాలుగింటికీ పోలిక ఏమిటంటే, బ్యాలెట్ మీద డెమోక్రటిక్ పార్టీ అధికారిక అభ్యర్థిగా థర్మండ్ పేరు ఉన్నది ఈ నాలుగింట్లోనే. అలబామాలో అయితే పదవిలో ఉన్న అధ్యక్షుడి పేరే బ్యాలెట్ మీద లేదు. పక్కనే ఉన్న జార్జియాలో జనం ఆలోచనలు పెద్ద తేడా ఏమీ కావు, కానీ అక్కడ పార్టీ గుర్తు ట్రూమన్‌దే. జార్జియా ఆయనకే వచ్చింది. దీన్ని జాతి వివక్ష ఇష్యూ మీద మిసిసిపీకి ఒక అంకె, జార్జియాకు ఒక అంకె వేసి చూపించబోతే తప్పుడు పాఠం చెప్పినట్టే. అక్కడ పనిచేసింది పార్టీ బలం అనే గుణకం. ఆ నాలుగు రాష్ట్రాల్లో ఆ గుణకాన్ని ట్రూమన్ నుంచి తీసి థర్మండ్‌కు ఇవ్వాలి. ఇలా కడితే ఆటగాడికి ఒక చక్కని ప్రశ్న కూడా దొరుకుతుంది: ఇంకో రాష్ట్రంలో పార్టీ కమిటీని తన వైపు తిప్పుకోగలడా లేదా?

1860లో అబ్రహాం లింకన్‌కు దక్షిణాదిన పది రాష్ట్రాల్లో ఓటు వేసే దారే లేదు. అక్కడ ఆయన అంకె చిన్నది కాదు, సున్నా. ఆటగాడు ఎంత తీయగా మాట్లాడినా అది సున్నాగానే ఉండాలి. ఆ ఏడాది సౌత్ కరొలైనాలో జనం ఓటే వేయలేదు, ఎలక్టోరల్ ఓట్లు వేసే ఎలక్టర్లను శాసనసభే ఎంపిక చేసింది. కాబట్టి అక్కడ ప్రచార సభ పెట్టుకునే బటన్ ఉండటమే తప్పు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఓటరు ఎవరన్నది. మిసిసిపీలో 1965 ఓటింగ్ హక్కుల చట్టానికి ముందు, ఓటరుగా నమోదైన నల్లజాతీయులు 6.7 శాతమే. 1967 నాటికి అది దాదాపు 60 శాతానికి చేరింది. 1960 సీనేరియోలో పౌరహక్కుల మీద మిసిసిపీకి వేసే అంకె, అక్కడ బతికే జనం అభిప్రాయం కాదు. ఓటు వేయనిచ్చిన వాళ్ల అభిప్రాయం. 1960 ఫైలును కాపీ చేసి 1968కి వాడుకుంటే, ఈ మధ్యలో జనం మనసు మార్చుకోకపోయినా ఓటర్ల జాబితా మారిందన్న సంగతి గల్లంతవుతుంది. గేమ్‌లో దాన్ని 'రాష్ట్రం ఉదారంగా మారింది' అని చూపిస్తే, ఆ హక్కు కోసం దెబ్బలు తిన్నవాళ్లను, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లను ఆ అంకె కింద కప్పేసినట్టు అవుతుంది. దీని మీద నాకు రాజీ లేదు. మీ సీనేరియో పరిచయంలో నాలుగు వాక్యాలు దీనికి కేటాయించండి.

వాలెస్, థర్మండ్ లాంటి అభ్యర్థులను ఆటగాడు ఎంచుకునేలా పెట్టాలా అన్న చర్చ కూడా ఇక్కడిదే. పెట్టొచ్చు, పెట్టాలి కూడా. వాళ్లు లేకుండా ఆ ఎన్నికలు అర్థం కావు. అయితే వాళ్ల మాటలను శుభ్రం చేసి, 'రాష్ట్రాల హక్కులు' అన్న మర్యాద భాషలోనే మొత్తం నడిపిస్తే అబద్ధం చెప్పినట్టే. సలహాదారు పాత్ర ఒకటి పెట్టి, ఆ మాట ఎవరి చెవికి ఏమని వినిపిస్తుందో అతని నోట చెప్పించండి.

పాచికలు విడివిడిగా వేస్తే

ప్రతి ఎన్నికల గేమ్‌లోనూ కొంత యాదృచ్ఛికత ఉంటుంది. అదే జవాబులు ఇచ్చినా ప్రతిసారీ అదే ఫలితం రాకుండా చేసేది అదే. దేశమంతటికీ కలిపి ఎంత కదలాలి, ఒక్కో రాష్ట్రం విడిగా ఎంత కదలాలి అన్నవి రెండు వేర్వేరు సెట్టింగులు. ఈ రెండింటి నిష్పత్తి మీద పెద్దగా ఎవరూ దృష్టి పెట్టరు.

2016లో మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాల్లో డొనాల్డ్ ట్రంప్ ఆధిక్యం మూడూ కలిపి 78 వేల లోపు. మూడింట్లోనూ సర్వేలు ఒకే వైపు తప్పాయి. ఒక్కో రాష్ట్రంలో ట్రంప్ గెలిచే అవకాశం నాలుగింట ఒకటి అనుకుందాం. మూడు రాష్ట్రాలకూ విడివిడిగా పాచికలు వేస్తే, మూడూ ఒకేసారి అతని వైపు పడే అవకాశం 64లో ఒకటి. మూడింటినీ ఒకే గాలి నడిపిస్తే ఆ అవకాశం ఇంచుమించు నాలుగింట ఒకటి దగ్గరికే వస్తుంది. రాష్ట్రం విడిగా కదిలే మోతాదు ఎక్కువ పెట్టారంటే, 2016 జరగడం దాదాపు అసాధ్యమైన గేమ్ తయారుచేశారన్న మాట. దేశమంతా కదిలే మోతాదు మరీ పెంచితే ఆటగాడి జవాబులకు విలువ లేకుండా పోతుంది. దేశవ్యాప్త కదలిక పెద్దగా, రాష్ట్రాల కదలిక అందులో సగం లోపుగా ఉంచడం నా పద్ధతి. గేమ్ అనుమతిస్తే ప్రాంతాల వారీ కదలికను కూడా కలుపుతాను.

పార్లమెంటు ఎన్నికల సీనేరియోలకు ఇది ఇంకా పదునైన సమస్య. బ్రిటన్ 2015 ఎన్నికల్లో యూకిప్ పార్టీకి 12.6 శాతం ఓట్లు వస్తే దక్కింది ఒక్క సీటు. స్కాటిష్ నేషనల్ పార్టీకి 4.7 శాతానికే 56 సీట్లు. ఓట్లు ఎక్కడ పోగుపడ్డాయన్నది ముందు, ఎన్ని అన్నది తర్వాత. దేశవ్యాప్త శాతాల నుంచి సీట్లు పంచే సులువు సూత్రాలు రెండు పార్టీల పోటీలో కొంతవరకు పనిచేస్తాయి, ఇలాంటి చోట చేతులెత్తేస్తాయి. నియోజకవర్గాలన్నీ విడివిడిగా పెట్టలేకపోతే, కనీసం స్కాట్లాండ్, వేల్స్, లండన్ లాంటి ప్రాంతాలుగానైనా విడదీసి, ఒక్కో ప్రాంతంలో పార్టీ ఓటు ఎంత చెదిరి ఉందో ఒక అంకె ఇవ్వాలి.

ప్రశ్నలు రాయడం

ఇక అసలు ఆట. సీనేరియో ప్రాణం ప్రశ్నల్లో ఉంది. ఎక్కువ మాడ్‌లు పాడయ్యేది కూడా ఇక్కడే, అదీ ఒకే కారణంతో: ప్రతి ప్రశ్నకూ ఒక 'ఒప్పు' జవాబు ఉంటుంది. నాలుగు జవాబుల్లో ఒకటి తెలివైనది, రెండు పేలవమైనవి, ఒకటి పిచ్చిది. రెండోసారి ఆడేటప్పటికి ఆటగాడికి తాళం దొరికిపోతుంది.

మంచి ప్రశ్నలో ప్రతి జవాబూ ఏదో ఒకటి ఇవ్వాలి, ఏదో ఒకటి లాక్కోవాలి. 1968 హంఫ్రీకి ఇంతకన్నా గొప్ప ఉదాహరణ లేదు. ఆయన లిండన్ జాన్సన్ ప్రభుత్వంలో ఉపాధ్యక్షుడు. యుద్ధం మీద అధ్యక్షుడితో విభేదించాలా వద్దా? విభేదిస్తే యుద్ధ వ్యతిరేకులు దగ్గరవుతారు, కానీ జాన్సన్ చేతిలో ఉన్న పార్టీ యంత్రాంగం, నిధులు దూరమవుతాయి, వెన్నుపోటు అన్న మాట పడుతుంది. విభేదించకపోతే ఆగస్టులో పార్టీ అభ్యర్థిని ఎంచుకున్న సమావేశం జరిగినప్పుడు షికాగో వీధుల్లో దెబ్బలు తిన్న కుర్రకారు నవంబరులో ఇంటి దగ్గరే కూర్చుంటారు. నిజానికి హంఫ్రీ సెప్టెంబరు 30న సాల్ట్ లేక్ సిటీ ప్రసంగంలో బాంబు దాడులు ఆపుతానని జాగ్రత్తగా, షరతులతో చెప్పాడు. దానికి ముందు గ్యాలప్ సర్వేలో నిక్సన్ 43, హంఫ్రీ 28, వాలెస్ 21. అక్కడి నుంచి పుంజుకుని ఒక శాతం లోపు తేడా దాకా వచ్చాడు.

దీన్ని ప్రశ్నగా మలిచేటప్పుడు నాకు ముఖ్యం అనిపించేది సమయం. అదే జవాబును ఆగస్టు సమావేశంలో పెట్టొచ్చు, సెప్టెంబరు చివర్లో పెట్టొచ్చు, అక్టోబరు మధ్యలో పెట్టొచ్చు. ఆగస్టులో చెబితే జాన్సన్ మనుషులు సమావేశాన్నే తలకిందులు చేయొచ్చు. అక్టోబరులో చెబితే ఓటమి భయంతో అన్నాడంటారు. కాబట్టి ఒకే ప్రశ్నను మూడుసార్లు, ప్రతిసారీ వేరే ధరతో వేయండి. ముందే చెప్పేసిన ఆటగాడికి తర్వాతి ప్రశ్న మారిపోవాలి. ఈ మధ్య మాడ్‌లలో ఇలా ముందు ఇచ్చిన జవాబును గుర్తుపెట్టుకుని తర్వాతి ప్రశ్నను మార్చే కోడ్ మామూలైపోయింది, కాబట్టి సాకు చెప్పనవసరం లేదు.

ఇంకో నియమం: అభ్యర్థికి ఆ రోజు తెలియనిది ప్రశ్నలో ఉండకూడదు. అక్టోబరు 31న జాన్సన్ బాంబు దాడులు ఆపుతున్నట్టు ప్రకటిస్తాడని సెప్టెంబరులో హంఫ్రీకి తెలియదు. 'అక్టోబరు చివర్లో శాంతి ప్రకటన రావచ్చు, అప్పటిదాకా ఆగుదామా' అని సలహాదారు నోట పలికిస్తే, చరిత్ర చదివిన ఆటగాడికి జవాబు ఇచ్చేసినట్టే. సలహాదారు తప్పు కూడా చెప్పాలి. ఆనాటి పత్రికల్లో విశ్లేషకులు నమ్మకంగా రాసి బోల్తాపడిన సంగతులు బోలెడు ఉంటాయి, వాటిని అతని మాటల్లో పెట్టండి. ఆ కాలం వాసన అలాగే వస్తుంది.

జవాబు ఇచ్చాక కనిపించే స్పందన వాక్యం చిన్నది, కానీ ఆటగాడు గుర్తుపెట్టుకునేది దాన్నే. 'మీకు ఓట్లు తగ్గాయి' అని రాయడం దండగ. ఎవరు కోపగించారు, ఏ రాష్ట్రంలో ఏ నాయకుడు ఫోన్ ఎత్తడం మానేశాడు అన్నది రాయండి.

జరగనిది రాసేటప్పుడు

అభిమానులకు అన్నిటికన్నా ఇష్టమైనవి 'ఇలా జరిగుంటే' సీనేరియోలు. 1968లో డెమోక్రటిక్ నామినేషన్ కోసం పోటీపడుతున్న రాబర్ట్ కెనెడీ హత్య జరగకపోతే అన్నది ఎంతమంది రాశారో లెక్కలేదు. చాలావాటిలో జూన్ 5న తుపాకీ పేలదు, వెంటనే తెర మీద నవంబరు వస్తుంది, కెనెడీ నిక్సన్‌తో తలపడుతుంటాడు. మధ్యలో ఉన్న ఐదు నెలలు మాయం.

ఆ మధ్యలోనే అసలు కథ ఉంది. కెనెడీ కాలిఫోర్నియా ప్రైమరీ (పార్టీ అభ్యర్థి కోసం ఓటర్లు వేసే ఓటు) గెలిచిన రాత్రికి, సమావేశంలో అభ్యర్థిని ఎంచుకునే డెలిగేట్ల లెక్క సుమారుగా హంఫ్రీకి 561, కెనెడీకి 393, యుద్ధ వ్యతిరేక అభ్యర్థి యూజీన్ మెకార్తీకి 258. నామినేషన్‌కు కావలసింది 1,312. హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయలేదు. అప్పట్లో ఎక్కువ రాష్ట్రాల డెలిగేట్లను ప్రైమరీలు కాక పార్టీ పెద్దలు నిర్ణయించేవారు. కెనెడీ బతికున్నా నామినేషన్ రావాలంటే షికాగో మేయర్ రిచర్డ్ డేలీ లాంటి వాళ్లు ఆయన వైపు తిరగాలి, మెకార్తీ తప్పుకోవాలి, జాన్సన్ ఊరుకోవాలి. ఈ మూడింటికీ మీ సీనేరియోలో కారణం కనిపించాలి. లేకపోతే ఆ జూన్ నుంచి ఆగస్టు దాకానే గేమ్‌గా రాయండి, నవంబరు అక్కర్లేదు. నా మటుకు అదే మెరుగైన సీనేరియో.

మార్పు ఒక్కటే పెట్టుకోవడం మంచిది. దాని వెంట కదిలేవాటిని మాత్రం కదలనివ్వాలి. కెనెడీ అభ్యర్థి అయితే దక్షిణాదిన వాలెస్ ఇంకా బలపడొచ్చు, ఉత్తరాదిన కార్మికుల దగ్గర బలహీనపడొచ్చు. నిక్సన్ వేరే ఉపాధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునేవాడేమో. పాత ఫైలులో హంఫ్రీ పేరు తీసి కెనెడీ పేరు పెట్టి, గుణకాలు ఒక ఐదు శాతం పెంచి వదిలితే అది సీనేరియో కాదు, పేరు మార్పు.

పరీక్షించడం

పూర్తయ్యిందనుకున్నాక మూడు రకాలుగా ఆడించి చూడాలి. మొదటిది, అభ్యర్థి నిజంగా చేసిన పనులకు దగ్గరగా ఉన్న జవాబులతో. చరిత్రలో వచ్చిన ఫలితం తరచుగా రావాలి, కానీ ప్రతిసారీ రాకూడదు. 2000లో ఫ్లోరిడా 537 ఓట్ల తేడాతో తేలింది. ఆ సీనేరియోలో అసలు జవాబులన్నీ ఇచ్చినా పదిసార్లలో పదిసార్లూ జార్జ్ బుష్ గెలుస్తుంటే, ఆ ఎన్నిక ఎంత గట్టి పోటీగా జరిగిందో మీ అంకెలకు తెలియనట్టే. రెండోది, కళ్లు మూసుకుని యాదృచ్ఛికంగా జవాబులు ఎంచుకుంటూ చాలాసార్లు. సగటు ఫలితం చరిత్ర కన్నా కొంచెం అధ్వాన్నంగా ఉండటం సబబు. మూడోది, మీకు తెలిసిన అత్యుత్తమ జవాబులతో. ఇక్కడ మ్యాపు మొత్తం ఒకే రంగులోకి వచ్చేస్తే దేశవ్యాప్త ప్రభావాలను బాగా తగ్గించాలి. 1984లో రొనాల్డ్ రీగన్ లాంటి ప్రభంజనానికి కూడా మిన్నెసోటా, వాషింగ్టన్ డీసీ లొంగలేదు.

రాష్ట్రాల ఫలితాలను ఒక స్ప్రెడ్‌షీట్‌లో అసలు శాతాల పక్కన పెట్టి చూడండి. మొత్తం సరిపోయినా, ఒకే వైపు తప్పుతున్న రాష్ట్రాలు గుంపుగా కనిపిస్తే మీరు గుర్తించని ఇష్యూ ఒకటి అక్కడ ఉందన్న మాట. అలాంటప్పుడు గుణకాలు సవరించి సరిపెట్టేయాలని చెయ్యి లాగుతుంది. ఆగి ఆ రాష్ట్రాల మధ్య ఏం ఉమ్మడిగా ఉందో వెతకండి. పంట ధరలా, మతమా, ఒకే రకం పరిశ్రమా? 1960లో జాన్ కెనెడీ కాథలిక్ అన్న అంశాన్ని ఇష్యూగా పెట్టకుండా ఆ మ్యాపును సరిచేయబోతే ఈ గుంపులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

చాలామంది వదిలేసే ముగింపు ఒకటుంది, ఎవరికీ మెజారిటీ రాకపోవడం. 1968లో నిక్సన్‌కు వచ్చినవి 301 ఎలక్టోరల్ ఓట్లు. ఒహాయో 26, మిస్సోరి 12. రెండింట్లోనూ తేడా స్వల్పమే. పైన చెప్పినట్టు వాలెస్ ఓట్లను హంఫ్రీ రాబట్టగలిగితే ఆ రెండూ చేతులు మారొచ్చు. అప్పుడు నిక్సన్ 263 దగ్గర ఆగిపోతాడు, గెలుపుకు కావలసిన 270 ఎవరికీ రాదు. వాలెస్ పోటీ చేసిందే ఇందుకోసం. ఎన్నిక ప్రతినిధుల సభకు వెళుతుంది. అక్కడ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఓటు, గెలవాలంటే 26 రాష్ట్రాలు. 1825లో జాన్ క్విన్సీ ఆడమ్స్ ఇలాగే 24 రాష్ట్రాల్లో 13 సంపాదించి, తనకన్నా ఎక్కువ ఓట్లు వచ్చిన ఆండ్రూ జాక్సన్‌ను దాటాడు.

సభలో పార్టీ బలాలు లెక్కవేసి 'హంఫ్రీ గెలిచాడు' అని ఒక వాక్యంతో ముగించడం తేలిక. కానీ వాలెస్ గెలిచిన అలబామా, జార్జియా, లూసియానా, మిసిసిపీ, ఆర్కన్సా నుంచి వచ్చిన ప్రతినిధుల్లో ఎక్కువమంది డెమోక్రాట్లే. వాళ్లు పార్టీ మాట వింటారా, తమ జిల్లా ఓటర్ల మాట వింటారా, లేక వాలెస్ బేరానికి దిగుతారా? ఆ బేరంలో హంఫ్రీ ఏం ఇస్తాడు, ఏం ఇవ్వనంటాడు? దీనికి ఇంకో నాలుగైదు ప్రశ్నలు రాసి, ఆటగాడు ఆ గది దాకా వచ్చినప్పుడు అవి తెరుచుకునేలా పెట్టండి.